ఇంటిపేరు వెంట భివండీ దాకా

(భివండీ పద్మానగర్‌లో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో ఆయన పేరు నా వెనక కట్టిన బట్ట మీద పెద్ద అక్షరాలతో ఉంది. నోటితో మాత్రం పలకను. బతికుండగా ఆయన్ను మనలో ఎవరమూ పేరుపెట్టి పిలవలేదు. మనకు ఆయన సార్. తెలుగు బడిలో చదివినవాళ్లకు ఆయన రాసుకునే పుస్తకం గుర్తుండే ఉంటుంది. హాజరు పట్టీ వేరు, ఆ పుస్తకం వేరు. అందులో పిల్లల పేర్లన్నీ ఇంటిపేరుతో మొదలయ్యేవి. పక్కన గోత్రం, ఆ పక్కన ఊరు, తాలూకా. బడిలో చేరినవాళ్లకు సార్ పెట్టే మొదటి పరీక్ష ఒకటే: నీ ఇంటిపేరు తెలుగులో రాసి చూపెట్టు. పట్టీలో ఉన్నట్టు రాస్తే ఒప్పుకునేవారు కాదు. ఇంటికి పోయి నాయనమ్మను అడిగి రమ్మనేవారు.

భివండీ తెలుగువాళ్ల చరిత్ర ఎవరైనా రాయదలిస్తే ఆ పుస్తకంతోనే మొదలుపెట్టాలి. మనం ఇక్కడికి భూములు తేలేదు, మగ్గాలు తేలేదు. చాలామంది ఒక సంచి, ఒక దుప్పటి తెచ్చుకున్నారు. వాటితోపాటు వచ్చి ఈనాటికీ మిగిలినది ఇంటిపేరు. అది ఎట్లా పుట్టింది, ఏ దారిన ఇక్కడికి వచ్చింది, వచ్చి ఏ రూపం తీసుకుంది అన్నదే ఇవాళ నేను మాట్లాడబోయే విషయం.

తెలుగు ఇంటిపేర్ల మీద పనిచేసినవాళ్లు కొద్దిమందే. ఊరిపేర్లను, ఇంటిపేర్లను శాస్త్రంగా చదవడం మనకు నేర్పినవారిలో యార్లగడ్డ బాలగంగాధరరావు గారిని ముందు చెప్పుకోవాలి. ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊళ్ల నుంచి వచ్చింది. పద్మశాలీలలో సిరిపురం, చిట్యాల, రాపోలు, మామిడాల అన్నవి ఊళ్లుగా నేటికీ ఉన్నాయి. ఒక ఊరివాడు ఆ ఊళ్లోనే ఉన్నంతకాలం ఆ ఊరిపేరు వాడికి ఇంటిపేరు కాదు. ఊరు విడిచి ఇంకో ఊరికి పోతేనే 'చిట్యాల నుంచి వచ్చినవాళ్లు' చిట్యాలవాళ్లు అవుతారు. అంటే ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ఎప్పుడో ఒకసారి వలస పోయినవాళ్లే. భివండీకి రాకముందే మన పూర్వీకులు ఊళ్లు మారారు. వలస మనకు కొత్త కాదని చెప్పే మొదటి సాక్ష్యం మన ఇంటిపేరే.

రెండో రకం చెట్టూ పుట్టా, గొడ్డూ గోదా, వస్తువులూ. వేముల, మేకల, గుర్రం, గాజుల, కుసుమ. వేము అంటే వేప. వీటిలో నాకు బాగా నచ్చినది చింతకింది. ఏ కాలంలోనో ఏ ఊళ్లోనో ఒక చింతచెట్టు కింద ఇల్లు ఉండేది. చెట్టు పోయింది, ఇల్లు పోయింది, ఆ ఇంటి గుర్తు మిగిలింది. ఆసు పోసే తల్లి చేతుల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి ఇంటిపేరు అదే.

ఇంగ్లండులోనూ పేర్లు ఇట్లాగే పుట్టాయి. నాష్ అనే ఇంటిపేరు ఉంది. 'యాష్ చెట్టు దగ్గరివాడు' అని చెప్పే పాత ఇంగ్లీషు మాటల్లో ముందు మాట చివర ఉన్న 'న' కారం చెట్టు పేరుకు అతుక్కుని అది నాష్ అయింది. మన చింతకిందివాళ్లకు వరస కలిసే పేరు అది. వాళ్ల దేశంలో పన్నెండో శతాబ్దం నుంచి ఇట్లాంటి గుర్తుపేర్లు మెల్లమెల్లగా తండ్రి నుంచి కొడుక్కి దిగే పేర్లుగా గట్టిపడ్డాయి. 1379లో తలపన్ను వసూలు చేసినప్పుడు యార్క్‌షైర్‌లో ఊరూరా రాసిన జాబితాలు, 1538 నుంచి చర్చిల్లో పెళ్లిళ్లకు, పుట్టుకలకు, చావులకు పెట్టిన రిజిస్టర్లు ఆ పేర్లను కాగితం మీదికి ఎక్కించాయి. నోటిలో ఉన్నంతకాలం పేరు మారుతూనే ఉంటుంది. పన్ను వసూలుకు వచ్చినవాడు రాసుకున్నాక ఆగుతుంది.

ఒక తేడా మాత్రం మన నేతపనివాళ్లు గమనించదగ్గది. ఇంగ్లండులో బట్టపని ఇంటిపేర్లను బాగా పుట్టించింది. వెబ్, వెబ్‌స్టర్ అంటే నేసేవాళ్లు. నేసిన ఉన్ని బట్టను నీళ్లలో వేసి కాళ్లతో తొక్కి దట్టం చేసేవాడు వాకర్. అదే పని చేసేవాణ్ని ఇంకో ప్రాంతంలో ఫుల్లర్ అన్నారు, మరోచోట టక్కర్ అన్నారు. రంగు వేసేవాడు లిస్టర్. మనలో వేల కుటుంబాలు తరతరాలుగా మగ్గం మీదే బతికాయి, అయినా మగ్గం పేరుతో ఇంటిపేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా కనిపించవు. కారణం కష్టమైనది కాదు. ఊరికి ఒకడో ఇద్దరో నేసేవాళ్లు ఉన్నచోట 'నేసేవాడు' అంటే గుర్తు పడతారు. వాడకట్టంతా నేసేవాళ్లే అయినప్పుడు ఆ మాటతో ఎవరిని గుర్తుపట్టాలి? అందుకే చెట్టు కావాలి, మేక కావాలి, పాత ఊరు కావాలి. మనం రోజంతా వినే ఈ సాంచల చప్పుడుకు మూలపురుషుడు, 1785లో మరమగ్గానికి పేటెంటు పొందిన ఎడ్మండ్ కార్ట్‌రైట్, చర్చి ఫాదరు. ఆయన ఇంటిపేరుకు అర్థం బండ్లు చేసేవాడు అని. ఇంటిపేరు పూర్వీకుడి పని చెబుతుంది, మనవడి పని చెప్పదు.

సైక్స్ అనే మరో ఇంగ్లీషు ఇంటిపేరు కథ మనకు ఇంకా దగ్గరిది. అది యార్క్‌షైర్‌లో హడర్స్‌ఫీల్డ్ చుట్టుపక్కల, ఉన్ని మగ్గాల సీమలో పుట్టిన పేరు. సైక్ అంటే అక్కడి వాడుకలో పిల్లకాలువ, ఒర్రె. ఆ సీమలో ఒర్రెలకు కొదవ లేదు కాబట్టి సైక్స్‌లు వేర్వేరు చోట్ల వేర్వేరుగా పుట్టి ఉంటారనుకున్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో జన్యుశాస్త్రవేత్త అయిన బ్రయన్ సైక్స్ ఆ ఇంటిపేరు ఉన్న మగవాళ్ల నుంచి నమూనాలు తీసుకుని, తండ్రి నుంచి కొడుక్కే దిగే వై క్రోమోజోమును పరీక్షించి 2000లో ఫలితం ప్రకటించాడు. ఒకరికొకరు తెలియని ఆ మనుషుల్లో దాదాపు సగం మందిలో అది ఒకే రకంగా ఉంది. అంటే వాళ్లంతా ఎన్నో వందల ఏళ్ల కిందటి ఒకే మనిషి సంతానం అయి ఉండాలి. ఒక ఒర్రె పక్కన ఒక ఇల్లు. అక్కడి నుంచి ఆ పేరు సముద్రాలు దాటి పోయింది.

మన ఇంటిపేర్లతో ఇట్లాంటి లెక్క కుదరదు. వేములవాళ్లంతా ఒక తాత పిల్లలు కారు. వేపచెట్టు లేని ఊరేదీ తెలంగాణలో లేదు. ఒకే ఇంటిపేరు ఎన్నో కులాల్లో కనిపిస్తుంది. రంగారెడ్డి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కె.వి. రంగారెడ్డి గారి ఇంటిపేరు కొండా. 1915లో వాంకిడిలో పుట్టి, చేనేత సహకార సంఘాల కోసం జీవితాన్ని పెట్టిన లక్ష్మణ్ బాపూజీ గారి ఇంటిపేరూ కొండా. ఒకరు రెడ్డి, ఒకరు పద్మశాలి. ఇంటిపేరు వినగానే కులం చెప్పేస్తామనేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు. పద్మశాలీలలో అందుకే ఇంటిపేరుకు గోత్రం తోడు ఉండాలి. మార్కండేయుడి కొడుకు భావనారుషి, ఆయనకు 101 మంది కొడుకులు, వాళ్ల పేర్ల మీద 101 గోత్రాలు అని మనవాళ్లు చెప్పుకుంటారు. పెళ్లి మాటల్లో మొదటి ప్రశ్న ఇంటిపేరు, రెండోది గోత్రం. ఒకే గోత్రమైతే మాట అక్కడే ఆగిపోతుంది. సార్ పుస్తకంలో రెండో గడి గోత్రానిది కావడానికి కారణం ఇదే.

ఇక ఆ పేర్లు ఈ ఊరికి వచ్చిన దారి. బొంబాయికి తెలంగాణ మనిషి రావడం పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే ఉంది. రాళ్లు మోసి, కట్టడాలు కట్టిన కామాటీల పేరే కామాఠీపురాకు దక్కింది. షోలాపూర్‌కు నేతగాళ్లు తరాల కిందటే చేరారు, 1877లో అక్కడ మిల్లు వచ్చాక ఇంకా పెరిగారు. భివండీది ఆ తరవాతి కథ. బొంబాయి మిల్లుల్లో తీసేసిన పాత మగ్గాలు ఇక్కడి షెడ్లలోకి వచ్చాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చేతిమగ్గం తిండి పెట్టడం మానేసిన ఇళ్ల నుంచి మనుషులు వచ్చారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెతో బొంబాయి మిల్లులు మూతబడి, ఆ నేతపని భివండీ సాంచల మీదికి మళ్లాక రాకపోకలు ఇంకా పెరిగాయి. 2011 జనగణన నాటికి భివండీ-నిజాంపూర్ జనాభా ఏడు లక్షలు దాటింది. పద్మానగర్, కామత్‌ఘర్, వరాలదేవి చెరువు చుట్టుపక్కల బతుకమ్మ పాట వినిపించే సందులన్నీ ఆ రాకపోకల్లో ఏర్పడ్డవే.

వచ్చినవాణ్ని మొదట ఎవరూ ఇంటిపేరుతో పిలవలేదు. సేఠ్ దగ్గర వాడు తెలుగువాడు, తోటివాళ్ల దగ్గర సిరిసిల్ల నర్సయ్య, బిస్సీలో అన్నం పెట్టే అమ్మ లెక్కల పుస్తకంలో ఒట్టి నర్సయ్య. ఇంటిపేరు అవసరమైంది ఎప్పుడంటే రేషన్ కార్డు రాసినప్పుడు, పిల్లల్ని బడిలో వేసినప్పుడు. రాసేవాడు మరాఠీ గుమాస్తా. చెప్పేవాడు రాత్రిపాళీ దిగి వచ్చిన మనిషి. యార్క్‌షైర్‌లో పన్ను జాబితా చేసిన పని ఇక్కడ రేషన్ కార్డు చేసింది.

షోలాపూర్‌లో, భివండీలో మన పేర్లు 'చెడిపోయాయి' అనేవాళ్లున్నారు. ఆ మాటను నేను ఒప్పుకోను. వేములవాళ్లు అక్కడ ఏముల్ అయ్యారు. మేకలవాళ్లు మ్యాకల్ అయ్యారు. ఇది గుమాస్తా తప్పు కాదు. వేములవాడను ఏములాడ అనే నోటికి వేముల ఏములే అవుతుంది. 'మేక'ను మ్యాక అనే మనిషి తన ఇంటిపేరును మ్యాకల అనే చెబుతాడు. అంటే వలస వచ్చిన తొలి తరం నోట్లో ఉన్న తెలంగాణ మాట మరాఠీ కాగితం మీద అచ్చంగా నిలిచింది. మన ఊళ్లలో చదువుకున్నవాళ్లు వేముల అని, మేకల అని దిద్ది రాసుకున్నారు. మహారాష్ట్ర కాగితాలు మాత్రం తాత మాటను తాత పలికినట్టే దాచాయి. భాష చదివేవాళ్లకు ఇది ఇంకెక్కడా దొరకని సొమ్ము.

చివరి అక్షరం కథ వేరు. గాజుల అన్న పేరును దేవనాగరిలో రాస్తే అక్షరాలు సరిగ్గానే పడతాయి. మరాఠీలో మాట చివరి అకారాన్ని పలకరు కాబట్టి చదివేటప్పుడు అది గాజుల్ అవుతుంది. ఆ పలుకును విని ఇంగ్లీషులో రాసినవాడు చివరి అక్షరం వదిలేస్తాడు. 1980, 1984 ఎన్నికల్లో షోలాపూర్ నుంచి లోక్‌సభకు వెళ్లిన గంగాధర్ కూచన్, ఆయన తరవాత 1989, 1991ల్లో గెలిచిన ధర్మన్న సాదుల్ మన కూచన, సాదుల ఇళ్లవాళ్లే. చివర ఇకారం ఉన్నవాళ్లకు ఈ నష్టం లేదు. షోలాపూర్‌లో ఉండి తెలుగులో, మరాఠీలో రాసిన లక్ష్మీనారాయణ బొల్లి గారి ఇంటిపేరు చెక్కు చెదరలేదు. అకారం పోకూడదని పట్టుబట్టినవాళ్లు దీర్ఘం పెట్టి గాజులా అని రాయించుకున్నారు. దాంతో ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకరు గాజుల్, ఒకరు గాజులా.

వరస కూడా తిరగబడింది. ఊళ్లో గాజుల లక్ష్మయ్య, లేదా పొట్టిగా జి. లక్ష్మయ్య. ఇక్కడ లక్ష్మయ్య నర్సయ్య గాజుల్, నడుమ తండ్రి పేరు. ఒంటి అక్షరం ఇక్కడి ఫారంలో చెల్లదు. 2024 మే 1న, ఆ తరవాత పుట్టిన పిల్లలకు తల్లి పేరు కూడా చేర్చాలని మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఇది మంచి నిర్ణయం. అయితే తల్లి పేరు వచ్చింది కాని ఆమె పుట్టింటి ఇంటిపేరు ఇప్పటికీ ఏ కాగితంలోనూ లేదు. మన చరిత్రలో సగం అక్కడ మాయమవుతున్నది. కండెలు చుట్టి, బిస్సీలు నడిపి ఈ ఊళ్లో మనల్ని నిలబెట్టిన ఆడవాళ్ల పుట్టింటి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఇన్ని మార్పుల తరవాత కూడా ఇంటిపేరు బతికింది. బతకని చోట్లు ఉన్నాయి. 1830ల నుంచి మారిషస్‌కు, 1860 నవంబరు 16న డర్బన్‌కు చేరిన ట్రూరో ఓడతో మొదలుపెట్టి నాటాల్ చెరుకుతోటలకు కూలీలుగా పోయిన తెలుగువాళ్లను ఓడ రిజిస్టర్లలో ఒంటిపేరుతో, తండ్రి పేరుతో, కులంతో రాశారు. తరవాతి తరాలకు ఆ తండ్రి పేరో, కులబిరుదో ఇంటిపేరైంది. దక్షిణాఫ్రికాలో నాయుడూ అనే ఇంటిపేరు వేలమందికి ఉంది. వాళ్ల ముత్తాతలకు ఏదో ఊరి పేరో, చెట్టు పేరో ఇంటిపేరుగా ఉండే ఉంటుంది. చాలామందికి అది తిరిగి దొరికే దారి లేదు. వాళ్లకూ మనకూ తేడా రైలు. కామారెడ్డిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కల్యాణ్‌లో దిగవచ్చు. దిగినవాడు దసరాకు తిరిగి పోతాడు, పెళ్లి సంబంధానికి పోతాడు, చావుకు పోతాడు. పోయినప్పుడల్లా ఎవరింటివాడివని అడిగేవాళ్లు ఉంటారు. జవాబు చెప్పాలంటే ఇంటిపేరు కావాలి. పోయి అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. భివండీలో పని నేర్చినవాళ్లు కొందరు సాంచలను సిరిసిల్లకు తీసుకుపోయారు. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పని అప్పగించిన కాలంలో ఇక్కడి నుంచి ఊరికి మళ్లినవాళ్లూ ఉన్నారు.

మన పక్క షెడ్డులోనే ఇంకో దారి కనిపిస్తుంది. ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, తమను చిన్నచూపు చూసే జులాహా అన్న మాటను వదిలి అన్సారీ అనే పేరును తీసుకున్నారు. మదీనాలో ప్రవక్తకు ఆసరాగా నిలిచినవాళ్ల పేరు అది. ఆత్మగౌరవం కోసం ఒక సమాజమంతా కలిసి ఒకే పేరు కిందికి రావడం చిన్న విషయం కాదు. వాళ్లకు ఒకే పేరు బలమిచ్చింది, మనకు వందల పేర్లు ఊళ్ల జాడ ఇచ్చాయి. నేత ఒక్కటే, చేరిన సాంచలు ఒక్కటే, పేరు విషయంలో రెండు సమాజాల అవసరాలు వేరు.

ఇప్పుడు కష్టం సంగతి. మహారాష్ట్రలో పద్మశాలీలు ప్రత్యేక వెనుకబడిన తరగతిలో ఉన్నారు. ఆ సర్టిఫికెట్టు కావాలంటే 1967 అక్టోబరు 13కు ముందే కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు కాగితం చూపాలి. తాత పాతకాగితం ఉర్దూలో ఉంటుంది, నిజాం రాజ్యపు కాగితం. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు పడవు. తండ్రి బడి దాఖలా మరాఠీలో ఉంటుంది. పిల్లవాడి ఆధార్ ఇంగ్లీషులో ఉంటుంది. మూడు లిపుల్లో మూడు రూపాలున్న పేరు ఒక్కటేనని రుజువు చేయడానికి పేదవాడు కూలి పోగొట్టుకుని కచేరీల చుట్టూ తిరుగుతున్నాడు. 2005 జులై 26 వానకు మునిగిన ఇళ్లలో ఆ కాగితాలు మిగిలాయా లేవా అన్నది ఇంకో ప్రశ్న. తెలుగు రాయడం రాని మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాలను చూసి తమ ఇంటిపేరును తామే తప్పుగా పలుకుతున్నారు. పిల్లలది తప్పు కాదు. వాళ్లకు చెప్పవలసిన మనం చెప్పలేదు.

చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ సభలోనే ముందు వరసలో కూర్చున్నారు. తొలి తరంలో ఇక్కడికి వచ్చిన ఆ తల్లులు, తండ్రులు రేపు ఉండకపోవచ్చు. కాబట్టి ఇవాళ ఇంటికి పోయాక ఒక నోటుబుక్కు తీయండి. ఇంటిపేరు తెలుగులో రాయండి, మరాఠీ, ఇంగ్లీషు కాగితాల్లో ఎట్లా ఉందో దాని కింద రాయండి. గోత్రం రాయండి. ఊరు, మండలం, పాత తాలూకా రాయండి. భివండీకి ముందు వచ్చింది ఎవరో, సుమారు ఏ ఏట వచ్చారో, ఏ పేటలో మొదటి సాంచా నడిపారో రాయండి. అమ్మ పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు తప్పకుండా రాయండి. ఉర్దూ కాగితాలు ఉంటే పక్క వీధిలోని ఉర్దూ బడి మాస్టార్లను అడగండి, సంతోషంగా చదివి పెడతారు. రాసిన పేజీకి నకలు తీసి మన తెలుగు బడిలో ఇవ్వండి. సార్ పుస్తకం ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి దాన్ని కొనసాగించడానికి ఆయన శిష్యులం కొందరం సిద్ధంగా ఉన్నాం. ఈ దసరాకు ఊరికి పోయేవాళ్లు పోయే ముందే ఆ పేజీ ఇచ్చి పోవాలని మనవి.